దారి కాగితంలో లేని గది

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత రాసేది సులువవుతుంది.

తిరుపతిలో ఒక చిత్రకళ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ఆఖరి పదేళ్ళు విద్యార్థులను బినాలేలకు తీసుకెళ్ళే చదువుయాత్ర కూడా నా నెత్తిన వేశారు. బినాలే అంటే రెండేళ్ళకోసారి ఒక ఊరు ఊరంతా కొత్త కళకు ప్రదర్శనశాల అయిపోవడం. మేము వెళ్ళింది కొచ్చికి. అక్కడ మిరియాల గోదాముల్లో, పాత బంగళాల్లో, పడవల రేవు పక్క షెడ్లలో, ఎక్కడ పడితే అక్కడ బొమ్మలుంటాయి. బొమ్మలని ఒప్పుకోవడానికి మనసు రానివి కూడా ఉంటాయి.

ఇప్పుడు ఆ పని మీలాంటి కొత్తవాళ్ళ చేతికి వచ్చింది. అనుమతి పత్రాలూ, రైలు రిజర్వేషన్లూ ఎలాగో ఆఫీసులో చెబుతారు. నేను ఆ పనిలో నాకు బుద్ధి వచ్చిన సంగతులు రెండు మూడు మాత్రం రాస్తాను. అందులో ఒకటి నేను చేసిన తప్పు. మిగతావి దానికి ముందు కాస్త ధైర్యం తెచ్చుకోవడానికి రాస్తున్నాను.

ఒక బొమ్మ, ఒక గంట

నా యాత్రలో మూడు నియమాలు ఉండేవి. మొదటిది దారి కాగితం. ఏ రోజు, ఏ పూట, ఏ గదులు చూడాలో నేనే రాసి, అందరికీ తలా ఒకటి ఇచ్చేదాన్ని. అందులో ఉన్న గదులే చూడాలి. రెండోది గంట. రోజుకు ఒక్క బొమ్మ ముందు గంటసేపు కూర్చోవాలి. ఫోను నా సంచిలో ఉంటుంది, పుస్తకం మూసి ఉంటుంది. మూడోది చాప. సాయంత్రం బసకు చేరాక చాప పరిచి అందరం చుట్టూ కూర్చుంటాం. ఆ రోజు చూసినదాంట్లో ఒక్కటి ఒక్కొక్కరూ చెప్పాలి. చూసింది చెప్పాలి, చూడనిది చెప్పకూడదు. చాపకు మార్కులు కూడా ఉండేవి.

ఈ గంట నియమాన్ని బయటి కాలేజీలవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. అది ఎక్కడ పుట్టిందో ఎవరికీ చెప్పలేదు. మా చదువు రోజుల్లో మా సారు ఒకాయన వరసగా అందరి బొమ్మలూ చూస్తూ వచ్చారు. నా బొమ్మ దగ్గర ఆగి "బాగుందమ్మా" అని ముందుకు పోయారు. నా పక్కన కుసుమ బొమ్మ ఉంది. సగం కూడా పూర్తి కాలేదు. ఆయన ఏమీ అనలేదు. అక్కడే నిలబడిపోయారు. ఆయన నిలబడినంతసేపూ నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఆ ఏడు క్లాసులో మొదటి మార్కు నాదే. అయినా ఆ గడియారం ముల్లు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాత నా చేత "బాగుంది" అనే మాట పలికించడం ఎవరివల్లా కాలేదు. మీరూ పిల్లలతో ఆ మాట అనకండి. దాన్ని మించిన తిట్టు లేదు.

చెప్పుల గది

మొదటి యాత్రకు మా ప్రిన్సిపాల్ కూడా వచ్చారు. ఆయనది తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. మంచి మనిషి. కొత్త కళ అంటే మాత్రం మొహం మాడ్చుకునేవారు. "ఆడ చూసేదానికి ఏముండాది సుభద్రమ్మా? పగిలిన కుండలు, చినిగిన బట్టలు. దానికి పిల్లకాయల్ని తీసుకోని అంత దూరం పోవల్లనా?" అని రైలెక్కేదాకా గొణిగారు.

రెండో రోజు ఒక పాత బంగళాలోకి వెళ్ళాం. గుమ్మం ముందు వరసగా వందల జతల పాత చెప్పులు ఉన్నాయి. మావాళ్ళు తిరుపతి పిల్లలు. గుమ్మం ముందు చెప్పులు కనిపిస్తే కాళ్ళు వాటంతట అవే చెప్పులు వదిలేస్తాయి. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రిన్సిపాల్ గారితో సహా అందరం విడిచిపెట్టి, వట్టి కాళ్ళతో లోపలికి పోయాం. లోపల ఏమీ లేదు. సున్నం వేసిన ఖాళీ గది. ఎంతసేపు చూసినా ఖాళీయే. బయటికి వచ్చేసరికి కాపలా మనిషి తల పట్టుకుని ఉన్నాడు. ఆ చెప్పులే కళ. ఏవి కళాకారుడివో, ఏవి మావో తేల్చడానికి అరపూట పట్టింది. ప్రిన్సిపాల్ గారి జత చివరిదాకా దొరకలేదు.

ఆయన కోప్పడతారనుకున్నాను. వట్టి కాళ్ళతో రేవు గట్టున నడుస్తూ ఆయన అన్న మాట వినండి. "సుభద్రమ్మా, నా చెప్పులు అయినా బినాలేలో ఉండాయి గదా!" అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండింది. నిజంగానే మండింది. నా బొమ్మలు శేషాచలం కొండలు. ఆ కొండలు నా చేతిలో ఎంత పచ్చగా వచ్చేవో! అవి ఇప్పుడు ఇద్దరు బ్యాంకు మేనేజర్ల గదుల్లోనూ, ఒక పళ్ళ డాక్టరు గోడ మీదా వేలాడుతున్నాయి. మా ప్రిన్సిపాల్ గారి పాత చెప్పులకున్న యోగం వాటికి పట్టలేదు.

మీలో బొమ్మలు వేసేవాళ్ళంతా ఇక్కడ ఒకసారి ఆగి చదవండి. పిల్లలను తీసుకుని ఇతరుల బొమ్మల చుట్టూ తిరగడం మన ఉద్యోగం. మనమూ కుంచె పట్టేవాళ్ళమే కాబట్టి, ఆ తిరగడంలో కడుపు మండుతుంది. మండదని ఎవరైనా అంటే నమ్మకండి. మండుతున్నప్పుడు కాగితం మీద ఏం రాస్తున్నారో మాత్రం చూసుకోండి.

కుసుమ

కుసుమది గూడూరు. వాళ్ళ నాయన నిమ్మకాయల మండీలో గుమాస్తా. హాస్టల్లో నా పక్క మంచం. నా దువ్వెన తీసుకునేది, నా రంగులు తీసుకునేది, అడక్కుండానే. తనకు ఇంటి నుంచి వచ్చిన నిమ్మకాయ ఊరగాయ జాడీ మాత్రం మూత తీసి నా మంచం మీద పెట్టేసేది. అలాంటి మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. నేను కష్టపడే కుళ్ళుకున్నాను.

చదువయ్యాక నేను ఉద్యోగంలో చేరాను. తను చేరలేదు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల గనుల దగ్గర పారేసిన అభ్రకం ఏరుకుంటూ తిరుగుతోందని విన్నాను. మావైపు దాన్ని కాకిబంగారం అంటారు. అయ్యో పాపం అని అందరితోనూ అన్నాను. అలా అనడంలో ఎంత సుఖం ఉండేదో! కొన్నేళ్ళకు తన పేరు పత్రికల్లో రావడం మొదలైంది. ఆ కాకిబంగారంతోనే. ఆ తర్వాత నేను అయ్యో పాపం అనడం మానేశాను.

మూడో యాత్రకు నెల ముందు తన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "సుభద్రా, ఈసారి నాకు గది ఇచ్చినారు. పెద్ద మిరియాల గోదాము. నువ్వు పిల్లకాయల్ని తీసుకోని వస్తాండావంట గదా. నేను వాకిట్లోనే కూచోనుంటా. తప్పకుండా రావల్ల."

"వస్తాలే" అన్నాను.

ఫోను పెట్టేసి బల్ల ముందు కూర్చున్నాను. దారి కాగితం అప్పటికి సగం రాసి ఉంది. నాలుగు రోజులు, పూటకు మూడేసి గదులు. మిరియాల గోదాము రెండో రోజు వెళ్ళే దారిలోనే పడుతుంది. పక్క వీధిలోంచి పోయేలా దారి మార్చి రాశాను. ఎండ తక్కువని కారణం కూడా కనిపెట్టాను. పని కోసం అబద్ధం చెప్పేవాళ్ళను చూశాను. నేను పనిలోనే అబద్ధం రాశాను. అయ్యాక నీట్‌గా జిరాక్సులు తీయించాను.

మూసేశారు

ఆ ఏడు వచ్చిన పిల్లల్లో సువార్త అని ఒకమ్మాయి ఉండేది. గూడూరు దగ్గర పల్లె. తక్కువ మాట్లాడేది. పులికాట్ సరస్సు మీద పడవలను ఎవరు వేసినా ఒకేలా వేస్తారు కదా, ఈ పిల్ల పడవను వదిలేసి పడవ కింద నీటి రంగు వేసేది. నేను "బాగుంది" అనకుండా గట్టిగా ఊపిరి పట్టుకున్న బొమ్మ అదొక్కటే. దాని మీదా నాకు కాస్త మంటగానే ఉండేది. ఇరవై ఏళ్ళ పిల్ల మీద! ఇంత రాస్తున్నప్పుడు అది మాత్రం దాచడం ఎందుకు?

మూడో రోజు మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే వచ్చింది.

"మేడమ్, మిరియాల గోదాములో కాకిబంగారం గది ఒకటి ఉండాదంట. మన కాగితంలో లేదే?"

"అది మూసేసినారు" అన్నాను. మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకే ఆశ్చర్యం వేసింది. "పైకప్పు కారతా ఉండాదంట. ఎవురినీ పోనీలేదు."

"మళ్ళీ ఎప్పుడు తెరస్తారంట మేడమ్?"

"మనం ఉండేలోపల తెరవరు."

ఆ పిల్ల కదల్లేదు. "మా అవ్వ చెప్పింది మేడమ్, ఆడ..." అని ఏదో మొదలుపెట్టింది.

"మీ అవ్వ సంగతి రైల్లో చెబుదువులే. ముందు టీ తాగు, చల్లారిపోతా ఉండాది" అన్నాను.

రైల్లో ఆ పిల్ల చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం సువార్త అరగంటసేపు కనిపించలేదు. మందుల షాపుకు పోయిందని పిల్లలెవరో అన్నారు. సాయంత్రం చాప పరిచాం. ఒక్కొక్కరూ చెబుతున్నారు. ఒకడు ఉప్పుతో కట్టిన మెట్ల గురించి, ఇంకొకమ్మాయి చీకటి గదిలో వినబడిన వాన గురించి. సువార్త వంతు వచ్చింది.

"నేను ఈ పొద్దు ఏమీ చూడలే మేడమ్."

అందరి ముందూ దులిపేశాను. ఇంత దూరం రైల్లో వచ్చి ఏమీ చూడలేదంటావా, కళ్ళు తిరుపతిలోనే పెట్టి వచ్చావా అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని చాప పుల్లలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. చాప మార్కుల్లో సున్నా వేశాను. యాత్రలో అందరికన్నా తక్కువ మార్కులు ఆ పిల్లకే వచ్చాయి.

కుసుమ మళ్ళీ ఫోను చేయలేదు. నాలుగు రోజులూ నా ఫోను మోగినప్పుడల్లా ముందు పేరు చూసి, తర్వాతే ఎత్తాను. ఊరికి చేరాక తన దగ్గర్నుంచి ఒక్క సందేశం వచ్చింది. 'పిల్లకాయలకి నా దీవెనలు' అని. గెలిచినట్టనిపించింది. నిజం చెబుతున్నాను, ఒకటి రెండు రోజులు కడుపునిండా తిన్నాను.

కొన్ని నెలలకు ఒక పత్రికలో ఆ గది ఫొటో వేశారు. కింద నుంచి పైకప్పు దాకా సన్నటి కాకిబంగారు రేకులు దారాలకు వేలాడుతున్నాయి. ఒక్కో రేకు మీద ఒక నల్లటి బొటనవేలి ముద్ర. గూడూరు చుట్టుపక్కల షెడ్లలో ఒకప్పుడు కూర్చుని, గని రాయిని రేకులు రేకులుగా చీల్చిన ఆడవాళ్ళ వేళ్ళవి. పేర్లు లేవు, ముద్రలే. ఆ ఫొటో ముందు నేను గంట కూర్చోలేదు. రెండు నిమిషాలు కూడా ఉండలేక పుట తిప్పేశాను. ఎందుకంటే, చాలా బాగుంది.

కొత్త కాగితం

నేను రిటైరైన ఏడాదికి మా కాలేజీలో ముగ్గురు కొత్త అధ్యాపకులు చేరారు. అందులో ఒకరు సువార్త. బరోడాలో పై చదువు చదివి వచ్చింది. యాత్ర బాధ్యత తనకే ఇచ్చారట. పోయిన నెల ఒక ఆదివారం ఉదయం దారి కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. దిద్దిపెట్టమంది.

చదివాను. నా కాగితం కన్నా మెరుగ్గా ఉంది. మళ్ళీ పాత మంట. నియమాలు నావే, గంట ఉంది, చాప ఉంది. మూడో రోజు మధ్యాహ్నం మాత్రం ఖాళీగా వదిలేసింది.

"ఇదేంది, మర్చిపోయినావా?" అన్నాను.

"లేదు మేడమ్. ఆ పూట ఎవురికి యాడ నచ్చితే ఆడికి పోవచ్చు. చెప్పే పని లేదు, అడిగే పని లేదు."

మూడో రోజు మధ్యాహ్నం. టీ కొట్టు కళ్ళ ముందుకు వచ్చింది. ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకుని తిరిగిన మాట ఇక ఆగలేదు.

"సువార్తా, ఆ గోదాము మూయలేదు. నాకు ఆయమ్మంటే ఓర్వలేనితనం. అందుకని అట్లా చెప్పినాను."

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. "తెలుసు మేడమ్. ఆ పొద్దే తెలుసు. గేటు దాకా పోయినాను. తెరిచే ఉండాది."

"మరి లోపలికి పోలేదా?"

"పోలే."

"ఎందుకు?"

"చూస్తే చాప మీద చెప్పల్ల గదా మేడమ్. చెప్తే మీరు అబద్ధం చెప్పినట్టు అందరికీ తెలిసిపోతాది. చూసి చెప్పకుంటే నేను అబద్ధం ఆడినట్టు. అందుకని చూడలే. వాకిట్లో ఒకాయమ్మ స్టూలు మీద కూచోనుండింది. ఏ ఊరు పాపా అనింది. తిరుపతి అన్నాను. సుభద్ర పిల్లవా, మీ మేడం యాడ అనింది. వెనకాల వస్తాంది అని చెప్పి వచ్చేసినాను."

కుసుమ ఆ సాయంత్రం ఎంతసేపు వీధి వైపు చూస్తూ కూర్చుందో నాకు తెలియదు. తల కొట్టేసినట్టయింది.

"మీ అవ్వ గురించి ఏదో చెప్పబోయినావు ఆ పొద్దు" అన్నాను చివరికి.

"మా అవ్వ దీనమ్మ. చిన్నప్పట్నుంచీ అభ్రకం షెడ్డులో పని. ఆ గదిలో అవ్వ వేలిముద్ర కూడా ఉండింది మేడమ్. నువ్వు కొచ్చికి పోతాండావు గదా, నా వేలు యాడ పెట్టినారో చూసొచ్చి చెప్పు అనింది. ఒళ్ళు బాగలేక మంచంలో ఉండింది అప్పటికే."

"నువ్వేం చెప్పినావు?"

"ఉండాది అవ్వా, వాకిలికి ఎదురుగానే ఉండాది, ఎండ పడితే గోడంతా మెరస్తాంది అని చెప్పినాను." సువార్త దారి కాగితం మడత పెట్టింది. "చూడనిది చెప్పినాను మేడమ్. మీ నియమం తప్పినాను. అవ్వ పోయేదాకా వచ్చినోళ్ళకందరికీ ఆ వేలు ఎత్తి చూపించేది."

ఇన్నేళ్ళు చాప మీద ఎంతోమంది ఎన్నో బొమ్మలు చెప్పగా విన్నాను. చూడని బొమ్మను ఈ పిల్ల చెప్పినట్టు చూసినదాన్ని ఎవరూ చెప్పలేదు.

ప్రదర్శన అయిపోయాక కుసుమ ఊరూరా తిరిగి రేకులన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేసిందట. దీనమ్మ అప్పటికి లేదు. సువార్త వాళ్ళ నాయన తీసుకుని పెట్టాడు. ఆ పిల్ల చేతిసంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి, దాని మధ్య గుడ్డలో చుట్టి ఉన్న రేకును నా బల్ల మీద పెట్టింది. అరచేయంత ఉంది.

"గంట పెట్టుకోండి మేడమ్" అంది. నా ఫోను తీసి తన సంచిలో వేసుకుంది. వంటింట్లోకి పోయి కాఫీ కలుపుకుని, వరండాలో కూర్చుంది.

కూర్చున్నాను. మొదటి పావుగంట కుసుమే కనిపించింది. ఇంత చిన్న రేకుతో ఇంత పని చేయించడం తనకు ఎట్లా తోచింది, నాకు ఎందుకు తోచలేదు అనే మంటే. తర్వాత ముద్ర కనిపించింది. వేలిముద్ర అంటే గీతలు గీతలుగా ఉండాలి. ఇందులో గీతలు లేవు. అంచు మాత్రం గుండ్రంగా ఉంది, లోపలంతా నున్నటి నలుపు. చిన్నప్పట్నుంచీ రాతి రేకులు చీల్చిన వేలిలో గీతలు ఎక్కడ మిగులుతాయి? ఆ ఒక్క విషయం తెలుసుకోవడానికి నాకు అరగంట పట్టింది. మిగతా టైమంతా ఏం చూశానో చెప్పలేను. ముద్ర అలికినట్టు కనిపించింది, అంతవరకు గుర్తుంది.

గంట కాగానే సువార్త లోపలికి వచ్చి నేల మీద చాప పరిచింది. నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి మేడమ్. ఏం చూసినారు?"

చెప్పాను. మొదటి పావుగంట సంగతి కూడా దాచలేదు. అరిగిన వేలి గురించి చెప్పాను. నా చేత్తో దారి కాగితంలో రాయని ఆ గది గురించి చెప్పాను. అక్కడ వాకిట్లో కుసుమ కూర్చుని ఉంటే నేను పక్క వీధిలోంచి పోయిన సంగతి చెప్పాను. ఆ పిల్ల అడ్డు చెప్పకుండా, నేను నేర్పినట్టే, చివరిదాకా వింది. అయ్యాక రేకును గుడ్డలో చుట్టుకుని, నా ఫోను తిరిగి నా చేతికిచ్చింది. కుసుమ నంబరు అందులోనే ఉందని ఇద్దరికీ తెలుసు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అడిగాను. "నాకెన్ని మార్కులు వేస్తావు సువార్తా?"

"చాపకి మార్కులు తీసేసినాను మేడమ్" అంది.